పడవా? విమానమా? హోవర్‌క్రాఫ్ట్ కథ

క్యారమ్స్ ఆడే ముందు బోర్డు మీద పౌడర్ ఎందుకు చల్లుతారో మీకు తెలుసు కదా? కాయిన్‌కీ బోర్డుకీ మధ్య రాపిడి తగ్గాలని. ఎయిర్ హాకీ టేబుల్ మీద అయితే పౌడర్‌తో పని లేదు. కింది చిల్లుల్లోంచి వచ్చే గాలి పక్‌ని కాస్త పైకి లేపుతుంది. వేలితో తోస్తే చాలు, జర్రున జారిపోతుంది.

ఇప్పుడు ఆ పక్‌ని ఒక పడవంత పెద్దది చేయండి. గాలి ఊదే ఫ్యాన్‌ని టేబుల్లో కాకుండా పడవలోనే పెట్టండి. అదే హోవర్‌క్రాఫ్ట్. అది నీటిలో మునగదు, నేలని తాకదు. తన కింద తానే ఒక గాలి పరుపు వేసుకుని, దాని మీద నడుస్తుంది.

గాలి అంత బరువు మోస్తుందా?

మోస్తుంది. అడుగున గాలి పీడనం బయటి గాలి కంటే 1 శాతం ఎక్కువున్నా చాలు, ఒక చదరపు మీటరుకి సుమారు 100 కిలోలు మోయగలదు. అసలు చిక్కు వేరే ఉంది. ఊదిన గాలి పక్కల నుంచి పారిపోతుంది. దాన్ని ఆపడం ఎలా?

ఈ చిక్కుతో చాలామంది కుస్తీ పట్టారు. 1915లో ఆస్ట్రియా-హంగరీ నౌకాదళం గాలి మీద జారే టార్పీడో పడవ ఒకటి కట్టి చూసింది. 1930లలో సోవియట్ దేశంలో లెవ్కోవ్ అనే ఇంజనీరు చేసిన పడవలు గంటకి 100 కిలోమీటర్లు దాటి పరిగెత్తాయి. అయినా ఈ ప్రయోగాలు ఎక్కువకాలం సాగలేదు.

రెండు డబ్బాలు, ఒక తక్కెడ

క్రిస్టఫర్ కాక్‌రెల్ ఇంగ్లండ్‌లో రేడియో ఇంజనీరు. ఉద్యోగం మానేసి, భార్యకి పుట్టింటి నుంచి వచ్చిన డబ్బుతో చిన్న పడవల వ్యాపారం కొన్నారు. పడవ నీటిని రాసుకుంటూ వెళ్ళడం వల్లే నెమ్మదిగా పోతోందని ఆయనకి తోచింది.

1955లో ఆయన ఒక పిల్లి మేత డబ్బాని, అంతకంటే కాస్త పెద్దదైన కాఫీ డబ్బాలో పెట్టారు. రెండిటికీ మధ్య సన్నని సందు మిగిలింది. ఆ సందులోంచి బ్లోయర్‌తో గాలిని కిందికి ఊదారు. ఆ గాలి ఎంత గట్టిగా నొక్కుతోందో వంటింటి తక్కెడ మీద కొలిచారు. ఒకే డబ్బాలోంచి ఊదినప్పటి కంటే దాదాపు మూడు రెట్లు వచ్చింది!

ఎందుకు? అంచు చుట్టూ కిందికి దూకే గాలి ఒక గోడలా నిలబడింది. లోపలి గాలిని బయటికి పోనివ్వలేదు. అంటే గాలికి గాలితోనే కంచె కట్టారన్నమాట.

ఎవరికీ అక్కర్లేని రహస్యం

కాక్‌రెల్ తన నమూనాని సైన్యానికి చూపించారు. అది విమానం, మాకు సంబంధం లేదు అంది నౌకాదళం. అది పడవ కదా అంది వైమానిక దళం. పదాతి దళానికి అసలు ఆసక్తే లేదు. ఈ ముచ్చట ఆయన తరవాత నవ్వుతూ చెప్పుకునేవారు. కానీ అప్పుడది నవ్వులాట కాదు. ప్రభుత్వం దాన్ని రహస్యాల జాబితాలో పెట్టింది. సైన్యం తీసుకోదు, బయటి కంపెనీలకి చూపించే వీలూ లేదు.

చివరికి 1958లో ఆ జాబితా నుంచి తీసేశారు. ప్రభుత్వ సంస్థ ఒకటి డబ్బు ఇచ్చింది. సాండర్స్-రో కంపెనీ ఎస్.ఆర్.ఎన్.1 అనే మొదటి పెద్ద నమూనా కట్టింది. 1959 జులై 25న అది ఫ్రాన్స్‌లోని కలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కి, రెండు గంటలకి కాస్త అటూ ఇటూగా, సముద్రం దాటింది. సరిగ్గా 50 ఏళ్ళ కిందట అదే రోజున బ్లేరియో విమానంలో అదే సముద్రం దాటాడు. ఈ ప్రయాణంలో కాక్‌రెల్ కూడా ఉన్నారు. ఆయన పనేంటో తెలుసా? అటూ ఇటూ జరుగుతూ బరువు సర్దడం!

రబ్బరు పావడా

ఎస్.ఆర్.ఎన్.1 దాదాపు జానెడు ఎత్తే లేచేది. పెద్ద అల వస్తే తగిలేది. అందుకని అడుగు అంచు చుట్టూ వంగే రబ్బరు తెర కట్టారు. ఇంగ్లీషులో దాన్ని స్కర్ట్ అంటారు, మనం పావడా అందాం. గాలి అందులో నిలుస్తుంది. అల తగిలితే పావడా వంగుతుంది, పడవకి దెబ్బ తగలదు. దీనితో హోవర్‌క్రాఫ్ట్ నిజంగా పనికొచ్చే బండి అయింది.

యుద్ధంలో

ముందు వద్దన్న సైన్యాలే తరవాత దీన్ని వెతుక్కుంటూ వచ్చాయి. 1966లో అమెరికా నౌకాదళం మూడు హోవర్‌క్రాఫ్ట్‌లని వియత్నాంకి పంపింది. మెకాంగ్ డెల్టాలో కాలవలు, చిత్తడి నేలలు, వరి పొలాలు. పడవ పోలేని చోటికీ, ట్యాంకు దిగబడే చోటికీ ఇవి దూసుకుపోయాయి. కానీ వాటి హోరు చాలా దూరం నుంచే వినిపించేది. మరమ్మతులు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. 1970 నాటికి అవి వెనక్కి వెళ్ళిపోయాయి.

అసలు ఉపయోగం ఒడ్డు చేరడంలో తెలిసింది. 1980లలో అమెరికా తెచ్చిన ఎల్‌క్యాక్ ఒక ట్యాంకుని మోస్తూ సముద్రం మీద నుంచి ఇసుక మీదికి ఆగకుండా ఎక్కేస్తుంది. మామూలు దింపుడు పడవలు ప్రపంచ తీరంలో సుమారు 15 శాతం చోట్లే ఒడ్డు చేరగలవు. ఇది 70 శాతానికి పైగా చోట్ల చేరగలదు అంటుంది అమెరికా నౌకాదళం.

పడవా, విమానమా అన్న ప్రశ్నకి జవాబు అప్పుడు దొరికింది. రెండూ కాకపోవడమే దాని బలం. ఇవాళ భారత తీర రక్షక దళం కూడా లోతు తక్కువున్న నీళ్ళలో కాపలాకి హోవర్‌క్రాఫ్ట్‌లు వాడుతోంది.

కొత్త మాటలు

రాపిడి: రెండు వస్తువులు ఒకదాన్ని ఒకటి రాసుకోవడం
పీడనం: గాలి లేదా నీరు నొక్కే బలం
తక్కెడ: బరువు తూచే సాధనం
జానెడు: చాచిన బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఉండే కొలత
చిత్తడి నేల: ఎప్పుడూ తడిగా, బురదగా ఉండే నేల

మీరే చెప్పండి

1. రెండు డబ్బాల మధ్య సందు లేకపోతే ఏమయ్యేది?
2. "గాలికి గాలితోనే కంచె" అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పండి.
3. వరి పొలం మీదుగా హోవర్‌క్రాఫ్ట్ వెళ్ళింది. నడిపే సైనికుడు ఏమనుకుంటాడు? ఆ పొలం రైతు ఏమనుకుంటాడు? ఇద్దరి తరఫునా రెండేసి వాక్యాలు రాయండి.
4. మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, హోవర్‌క్రాఫ్ట్ అనే మాట వాడకుండా ఇదేంటో తెలుగులో వివరించండి. వాళ్ళు దానికి ఏం పేరు పెట్టారో రాసుకురండి.