దామగుండంల వచ్చేది రాడార్ కాదు.. మరి ఏంది?

సముద్రం మొఖం సూడాలంటే మన బొంరాస్‌పేటోళ్లు రాత్రంత ప్రయాణం చెయ్యాలె. గసొంటి వికారాబాద్ జిల్లాల నేవీకేం పని? మస్తుమంది తమ్ముళ్లు నన్ను అడుగుతున్న ముచ్చట ఇది.

పూడూరు మండలం దామగుండం అడవిల 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసిండు. మన కొడంగల్ ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పక్కనే ఉన్నడు. జాగ 2,900 ఎకరాలు, ఖర్చు 3,200 కోట్లు. ఊర్లల్ల అందరు దీన్ని రాడార్ అంటున్రు. కాదు. రాడార్ అంటే సంకేతం పంపి, అది దేనికన్న తాకి తిరిగొస్తే ఏడ ఏమున్నదో పట్టేది. దామగుండంలది పట్టేది కాదు, కబురు పంపేది.

నేవీల కబురే ప్రాణం. డెన్మార్క్ దేశం 'అబ్సలోన్' అని 137 మీటర్ల ఓడ కట్టుకున్నది. కమాండర్ దాంట్లనే కూసొని మిగత ఓడలను నడిపిస్తడు, సామాను, దవాఖాన సుత దాంట్లనే పోతయ్. సోమాలియా దిక్కు సముద్రపు దొంగల మీదికి గట్లనే పోయింది. నీళ్ల మీద ఓడలకైతే రేడియో, శాటిలైట్ సరిపోతయ్. నీళ్ల కింద దాక్కున్న జలాంతర్గామికి సరిపోవు. ఉప్పునీళ్లల్ల మామూలు రేడియో అలలు పైపైనే సచ్చిపోతయ్.

గందుకే వీఎల్‌ఎఫ్. అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ నడుమ ఉండే రేడియో అలలు. ఎఫ్‌ఎం అల మూడు మీటర్ల పొడుగుంటే, ఇది 10 నుంచి 100 కిలోమీటర్లు. వేల కిలోమీటర్లు పోతది, నీళ్లల్లకు కొన్ని పదుల మీటర్లు దిగుతది. సముద్రం ఒడ్డునే ఉండాలన్న పని లేదు. కానీ అంత పెద్ద అలను పంపాలంటే యాంటెన్నా సుత ఎకరాలకెకరాలు పరుసుకోవాలె. మాటలు పోవు, చిన్న చిన్న అక్షరాల కబుర్లే పోతయ్. జలాంతర్గామి వింటది, అదే దారిల జవాబియ్యలేదు. దేశంల మొదటిది తమిళనాడు తిరునెల్వేలిల 1990 నుంచి నడుస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. మనది రెండోది. విశాఖల కట్టిన అరిహంత్ అసొంటి అణు జలాంతర్గాములకు గీ కబురు కావాలె. దేశానికి దీంతోని పనున్నది, కాదన.

మరి మన సంగతి? రేడియేషన్‌తోని ఊర్లకూర్లు సస్తయని వాట్సాప్‌ల తిరుగుతున్నది. గీ అలలు ఎక్స్‌రే రకం కావు. అయితే యాంటెన్నా దగ్గర బలం ఎక్కువుంటది, కాబట్టి కంచె బయట కొలతలు తీసి ప్రజల ముందు పెట్టాలె. అసలు దెబ్బ అడవికి. అటవీశాఖ లెక్కలనే చెట్లు రెండు లక్షలకు దగ్గర. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల పక్కన ఉన్న అడవి ఇది. వాన నీళ్లను పట్టి చెరువులకు, బాయిలకు ఇచ్చేది గదే. లోపల రామలింగేశ్వరుని గుడి ఉన్నది, పశువుల మేపుకునేటోళ్లున్నరు.

భయంతోని అరిస్తే తెల్వనోళ్లని కొట్టిపడేస్తరు. లెక్కతోని అడిగితే జవాబియ్యక తప్పదు. ఎన్ని చెట్లు కొట్టిన్రు? బదులుగ ఏ ఊర్ల, ఏ సర్వే నంబర్ల నాటిన్రు? ఎన్ని బతికినయ్? గుడికి దారి కాయితం మీద రాసిచ్చిన్రా? సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలనే ఉన్నది, 30 రోజులల్ల జవాబు రావాలె. యాంటెన్నా లోపలి ముచ్చట రహస్యం కావొచ్చు. నాటిన మొక్క రహస్యం కాదు. జలాంతర్గామికి కబురు పంపే సర్కారు, పక్క ఊరికి సుత పంపాలె కద. తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఆ దరఖాస్తు రాయుండ్రి.