గ్యాస్ పైపులోకి ముందు గాలి ఎందుకు?

జర్మనీలో కొందరు చలికాలంలోనూ మోటారుహోములో, అంటే చక్రాల మీది ఇంట్లో, ఊళ్లు తిరుగుతారు. వెచ్చదనానికి అందులో గ్యాస్ హీటరు ఉంటుంది. కొత్తగా బిగించాక మెకానిక్ దాన్ని వెంటనే వెలిగించడు. ముందు పైపుల్లోకి ఉత్త గాలి కొడతాడు! ఎందుకో తెలుసా?

సైకిల్ ట్యూబులో పంక్చరు వెతకాలంటే గాలి కొట్టి, నీళ్లలో ముంచి బుడగలు చూస్తారు కదా, ఇదీ అంతే. ఆ పైపుల్లో గ్యాస్ మామూలుగా 30 మిల్లీబార్ల ఒత్తిడితో పారుతుంది. పరీక్షకు గాలిని 150 దాకా ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగుతారు. మీటరులో అంకె తగ్గిందా, ఎక్కడో లీకు ఉన్నట్టే! అతుకులకు సబ్బు నురగ పూస్తే బుడగలే చోటు చూపిస్తాయి.

పొగగొట్టాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. అందుకే ఆ గొట్టం బండి బయటికే తెరుచుకోవాలి.