ఆకాశయానములు – ఆంగ్ల నామములు

ఆంగ్లమునందలి 'ఎయిర్‌క్రాఫ్ట్', 'ఏరోప్లేన్' అను రెండు పదములను తెలుగు విద్యార్థి 'విమానము' అనియే అనువదించును. కాని యవి పర్యాయపదములు కావు. మొదటిది జాతివాచకము. బెలూను, గ్లైడరు, హెలికాప్టరు మున్నగునవన్నియు నందు చేరును. ఏకవచన బహువచనములందు దాని రూప మొక్కటియే. తుదిని 'ఎస్' చేర్చుట దోషము. రెండవది యందొక భేదము. కదలని రెక్కలును, యంత్రబలమును గలది.

'ఏరోప్లేన్' తొలుత రెక్కకే పేరు. రైట్ సోదరులు 1906లో అమెరికాలో పొందిన పేటెంటున యంత్రము 'ఫ్లయింగ్ మెషీన్'; గాలిపై దానిని నిలుపు పలక 'ఏరోప్లేన్'. క్రమముగా అవయవము పేరు యంత్రమునకే చెల్లినది. నేడు అమెరికనులు 'ఎయిర్‌ప్లేన్' అందురు.

'హెలికాప్టర్' పదమున 'హెలికో' యనగా మెలిక, 'ప్టెరాన్' అనగా రెక్క; రెండును గ్రీకు మాటలే. వాడుకలో దానిని 'హెలి', 'కాప్టర్' అని విరిచి, 'హెలిపోర్ట్' వంటి కొత్త పదములు కల్పించిరి.

మన 'విమాన' పదమునకును అర్థములు పెక్కులు. తంజావూరి బృహదీశ్వరాలయమున గర్భగృహముపై నిలిచినదియు విమానమే. కావున తెలుగున పదదారిద్ర్యము కలదని బాలురు తలంపరాదు. 'ఎయిర్‌క్రాఫ్ట్'కు 'ఆకాశయానము', 'ఏరోప్లేన్'కు 'విమానము' అని నియమించుకొన్నచో అనువాదమున చిక్కు తీరును.