ఆ కానుక ఇంట్లో కూర్చుంటే వచ్చేదా?

జకాత్ వసూలు చేసి తెమ్మని మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక ఉద్యోగిని బనూ సులైమ్ తెగ వద్దకు పంపారు. తిరిగివచ్చిన ఆ వ్యక్తి, తెచ్చిన దానిలో కొంత ప్రజాధనమనీ, మిగిలినది తనకు కానుకగా లభించిందనీ విన్నవించుకున్నాడు. అప్పుడు ప్రవక్త (సఅసం) మింబర్ ఎక్కి అందరి ఎదుట ఒక ప్రశ్న లేవదీశారు. ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక అతణ్ణి వెతుక్కుంటూ వచ్చేదా అన్నది ఆ ప్రశ్న సారాంశం. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును మేము మదర్సాలో ఏటా పాఠంగా చెబుతాము. 2024లో మాత్రం ఆ పాఠం ముగిసీ ముగియకముందే ఒక విద్యార్థి లేచి, "ఎన్నికల బాండ్లకు కూడా ఇది వర్తిస్తుందా హజ్రత్?" అని అడిగాడు.

వర్తిస్తుందనే మేము సమాధానమిచ్చాము. ఎలాగో పాఠకుల ముందు కూడా ఉంచడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

చీకటిలో చేతులు మారిన ధనం

ఎన్నికల బాండ్ల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 బడ్జెట్‌లో ప్రకటించి, 2018 జనవరిలో అమలులోకి తెచ్చింది. 1,000 రూపాయల నుండి 1 కోటి రూపాయల వరకు విలువ గల బాండ్లను స్టేట్ బ్యాంకులో కొని, ఇష్టమైన పార్టీకి ఇవ్వవచ్చు. ఇచ్చినదెవరో ప్రజలకు తెలియదు. అంతకుముందు ఒక కంపెనీ తన మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు విరాళం ఇవ్వరాదన్న నిబంధన ఉండేది. 2017లో దానినీ తొలగించారు. దానితో నష్టాలలో ఉన్న కంపెనీ కూడా కోట్లు గుమ్మరించే వీలు కలిగింది. నష్టంలో ఉన్నవాడు దానమెందుకు చేస్తాడు? సామాన్యుడికి తట్టే ఈ సందేహం చట్టం చేసినవారికి తట్టలేదనుకోలేము.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. పార్టీలకు ధనమెవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కని తేల్చిచెప్పింది. వివరాలు వెల్లడించడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 వరకు, అంటే ఎన్నికలు ముగిసేవరకు, గడువు కోరింది. న్యాయస్థానం అందుకు అంగీకరించలేదు. ఫలితంగా మార్చిలో జాబితాలు బయటికి వచ్చాయి. 2019 ఏప్రిల్ నుండి వెల్లడైన మొత్తంలో కేంద్రంలోని పాలకపక్షానికి 6,000 కోట్లకు పైగా, అంటే దాదాపు సగం ముట్టింది. మన తెలుగు నేల కూడా ఇందులో వెనుకబడలేదు. భారత రాష్ట్ర సమితికి 1,200 కోట్ల మేర, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు 300 కోట్లకు పైగా, తెలుగుదేశానికి 200 కోట్లకు పైగా అందాయి. బాండ్లు కొన్నవారిలో రెండవ స్థానం హైదరాబాదు కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజినీరింగ్ సంస్థది. అది కొన్న బాండ్ల విలువ 966 కోట్లు. కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు) ఈ బాండ్లను స్వీకరించకపోవడమే గాక, వాటిని సవాలు చేసిన పిటిషనర్లలో ఒకటిగా నిలిచింది. సిద్ధాంతపరంగా వారితో మనకు ఎన్ని భేదాలున్నా, మంచి పనిని మంచి పనిగా ఒప్పుకోవడమే న్యాయం.

ప్రతి విరాళమూ లంచమేనని మేము అనడం లేదు. ఎవరి ఉద్దేశమేమిటో అల్లాహ్‌కే ఎరుక. కాని ప్రవక్త (సఅసం) వేసిన ప్రశ్న ఉద్దేశాల గురించినది కాదు, పదవిని గురించినది. ఈ పార్టీలు అధికారానికి దూరంగా ఇంట్లో కూర్చుని ఉంటే ఇన్ని కోట్లు వాటి గడప తొక్కేవా? పొద్దంతా తట్టలు మోసే కూలీకీ ఒకటే ఓటు, కంపెనీ యజమానికీ ఒకటే ఓటు అని మనం పిల్లలకు చెబుతున్నాము. అయితే యజమాని చేతిలో ఓటుతోపాటు బాండు కూడా ఉంటే, ప్రభుత్వం ఎవరి మొర ముందుగా వింటుంది?

వార్త ఎవరి చేతిలో ఉంది?

ఆ జాబితాలలోని వేల పంక్తులను ఒకదానితో ఒకటి పోల్చి, ఏ కంపెనీపై ఎప్పుడు సోదాలు జరిగాయో, అది ఎప్పుడు బాండ్లు కొన్నదో వెలికితీసే పనికి ప్రధానంగా పూనుకున్నది చిన్న వార్తాసంస్థలు, స్వతంత్ర పాత్రికేయులు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పెద్ద ఛానళ్ళు పెద్ద వ్యాపార సంస్థల చేతుల్లో ఉన్నాయి. నెట్‌వర్క్18 సంస్థ 2014లో రిలయన్స్ పరమైంది. ఎన్.డి.టి.వి. 2022 డిసెంబరులో అదానీ గ్రూపు పరమైంది. ప్రభుత్వ ప్రకటనలు, యజమాని వ్యాపారాలు రెండూ పాలకుల దయపై ఆధారపడినప్పుడు విలేఖరి కలం ఎంత దూరం సాగుతుంది?

ఇటువంటి మీడియా చేసే గాయమెటువంటిదో మనకు మరొకరు చెప్పనవసరం లేదు. 2020లో కరోనా వ్యాప్తికి తబ్లీగీ జమాఅత్ వారే కారణమని రాత్రింబవళ్ళు ప్రచారం సాగింది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, మీడియాలో వారిపై పెద్దయెత్తున దుష్ప్రచారం జరిగిందని అభిప్రాయపడింది. అయితే ఆరోపణను నెలల తరబడి చూపిన తెరలపై తీర్పుకు ఎంత చోటు దక్కింది? ఆ వేసవిలో బండి మీద కూరగాయలు అమ్ముకునే మన సోదరులను పేరు అడిగి పంపివేసిన వీధులు ఇంకా జ్ఞాపకమున్నాయి.

జూన్ 4 చెప్పిన మాట

2024 ఏప్రిల్ 21న రాజస్థాన్‌లోని బాంస్‌వాడా సభలో ప్రధానమంత్రి, ప్రతిపక్షం వస్తే దేశ సంపదను చొరబాటుదారులకు, ఎక్కువ సంతానం గలవారికి పంచిపెడుతుందన్న అర్థం వచ్చేలా ప్రసంగించారు. ఎన్నికల సంఘం నోటీసు పార్టీ అధ్యక్షునికి వెళ్ళింది గాని, ప్రసంగించినవారికి కాదు. జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ పేరిట అనేక ఛానళ్ళు పాలక కూటమికి 350కి పైగా స్థానాలు కట్టబెట్టాయి. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత మస్జిద్ మెట్ల మీద కూర్చున్నవారి ముఖాల్లో నిరాశ చూశాము. "ఇక మన ఓటుకు విలువేముంది మౌలానా!" అన్నాడొక యువకుడు.

జూన్ 4న ఆ కూటమికి వచ్చినవి 293. అంతకుముందు ఒంటరిగా 303 గెలిచిన పార్టీ 240 వద్ద ఆగి, తెలుగుదేశం, జనతాదళ్ (యు) మద్దతుతో ప్రభుత్వం ఏర్పాటు చేయవలసివచ్చింది. అయోధ్య ఉన్న ఫైజాబాద్ స్థానంలోనే ఆ పార్టీ ఓడిపోయింది. ధరలు, నిరుద్యోగం కడుపును తాకినప్పుడు ద్వేషం ఒక్కటే ఓట్లు తెచ్చిపెట్టదని సామాన్య ప్రజలు, ప్రధానంగా హిందూ సోదరులే, నిరూపించారు. ఈ విషయాన్ని మన ఇళ్ళలో పిల్లలకు తప్పక చెప్పాలి. తెరపై కనిపించే ద్వేషమే దేశమనుకుని వారు పెరగరాదు.

మా వల్ల జరిగిన పొరపాటు

ఇతరులను ప్రశ్నించే ముందు మా సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగు రాష్ట్రాలలో మే 13న పోలింగు. దానికి పది రోజుల ముందు వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. మా పేటలో ముస్లింల పేర్లన్నీ ఓటర్ల జాబితా నుండి తొలగించారని దాని సారాంశం. విచారించకుండానే జుమా నమాజు తర్వాత మేము ఆ మాట ప్రకటించాము. సోమవారం నాడు కూలిపని మానుకుని ఎందరో తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తారు. తీరా చూస్తే ఇల్లు మారిన మూడు కుటుంబాలవి తప్ప అందరి పేర్లూ ఉన్నాయి. దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించకుండా నమ్మరాదని హుజురాత్ సూరాలో ఉన్న ఆదేశాన్ని ఇతరులకు బోధించే మేమే దానిని విస్మరించాము. మరుసటి జుమాలో అందరి ఎదుట క్షమాపణ కోరాము. ఒక వృద్ధురాలు కబురు పంపింది: "మౌలానా సాబ్, మా వాడి రోజు కూలి పోయింది, ఫరవాలేదు. ఇకనైనా చూసి చెప్పండి."

ఆ మాట మాకు ఒక పాఠమైంది. అబద్ధం మన పక్షాన ఉన్నంత మాత్రాన నిజమైపోదు.

ఓటు ఒక సాక్ష్యం

ఓటు సాక్ష్యమనీ, సిఫారసు అనీ, ఒకరిని మన ప్రతినిధిగా నియమించే వకాలత్ అనీ ఉలమాలు వివరించారు. సాక్ష్యాన్ని దాచడం పాపం. అమ్ముకోవడం అంతకన్నా పెద్ద పాపం. పోలింగు ముందురాత్రి ఇంటికి వచ్చే నోటును తీసుకుని, వేల కోట్ల బాండ్లను తప్పుపట్టే నైతిక హక్కు మనకు ఉండదు. ఆ నోటు కూడా మనం ఓటరు కాకపోతే మన ఇంటికి వచ్చేది కాదు గదా!

కాబట్టి పాఠకులకు మా విన్నపం. ఎన్నికలు లేని రోజుల్లోనే కుటుంబసభ్యుల పేర్లు జాబితాలో ఉన్నాయో లేవో చూసుకోండి. లేకపోతే ఫారం 6 నింపి బూత్ స్థాయి అధికారికి ఇవ్వండి. కోడళ్ళు, పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడపిల్లల పేర్లు మరవకండి. వార్త చేతికి రాగానే, ఇది ఎవరు చెప్పారు, వారికి దీనివల్ల కలిగే లాభమేమిటి అని పిల్లలతో కలిసి ఆలోచించండి. మన పార్టీ అనుకున్నదాన్ని కూడా అదే ప్రశ్న అడగండి.

సత్యానికి సాక్షులుగా నిలిచే ధైర్యాన్ని, వినగానే వ్యాపింపజేయని ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.