బండర్మలంక యెచ్చటిది?

బొబ్బిలి కథ వినని తెలుగు గృహము లేదు. 1757 జనవరిలో ఆ కోటపై విరుచుకుపడిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఆ యేటనే కోస్తాయందలి ఆంగ్లేయుల వర్తకశాలలను గూడ పట్టుకొనెను. వానిలో మాదపాలెము, బండర్మలంక, ఇంజరము అను మూడు పేర్లు ఆంగ్ల చరిత్రలలో వరుసగా కానవచ్చుచున్నవి. మొదటిదియు కడపటిదియు తెలిసినవే. నడిమి యూరేది?

పేరు చూడగానే మనసు బందరునకు పరుగిడును. మచిలీపట్టణమును మనవారు బందరనియే పిలుతురు గదా! అట్లు తలచినచో కోనసీమలోని యొక గ్రామమువారి పూర్వులు పడిన యుద్ధకష్టము కృష్ణాతీరపు లెక్కలో పడిపోవును. అయినను ఆ కాలమున బందరు ఫ్రెంచివారి చేతనే యుండెను. తమ పట్టణమును తామే యేల ముట్టడింతురు?

వరుసను చూతము. మాదపాలెము నరసాపురము చెంత, వసిష్ఠ దిక్కున నున్నది. ఇంజరము గౌతమి దిక్కున, యానాము చేరువను గలదు. నడుమ మిగిలినది కోనసీమయే. ఇక పేరు తుదనున్న లంక వేరొక సాక్షి. నదీశాఖల నడుమ ఇసుక, ఒండ్రు మేటవేసి యేర్పడిన భూమి లంకయని కోనసీమ యాడుపడుచులకు మేము చెప్పవలసిన పనిలేదు. దొరగారి చెవికి బండర్ అని వినబడినచోట, మనవారికి మూర్లంక యను తునక వినబడును. అమలాపురమునకు దక్షిణమున, అల్లవరము మండలములో, సముద్రమునకు చేరువనున్న బెండమూర్లంకయే యది. ఇంటి దస్తావేజులలో ఆంగ్లమున వ్రాసిన యూరి పేరేదైన అర్థము కాకున్న, సోదరీమణులు దానిని నెమ్మదిగా పైకి చదివి అత్తగారికి వినిపించి చూడవలెను.

ఈ వర్తకశాలలకు ప్రాణము మన నేతగాండ్రు నేసిన బట్ట. మాదపాలెము పేరుతోనే యొక మెత్తని తెల్లని నూలుగుడ్డ ఐరోపా గృహములలో చిరకాలము వాడుకయందుండెను. ఒక యూరి పేరు బట్టల పెట్టెలో నిలిచెను. పొరుగూరి పేరు కాగితములలో వికృతమయ్యెను.

ఇట్టి చిక్కే మరియొకటి కలదు. 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డు, విజయనగర ప్రభువగు ఆనందగజపతిరాజు తోడ్పాటుతో, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సును ఓడించెను. ఆంగ్లగ్రంథములలో ఇది కాండోర్ యుద్ధము. దీనిని బందరు చెంత జరిగినట్లు వ్రాసినవారును కలరు. ఆ బందరు మన చరిత్రకారులను వదలదు కాబోలు! నిజమునకది పిఠాపురము, గొల్లప్రోలు ప్రాంతమందలి చందుర్తి. సేన నడచిన దారియే దీనికి ప్రమాణము. ఫోర్డు విశాఖపట్టణమున దిగి, దక్షిణముగా వచ్చి చందుర్తివద్ద గెలిచెను; అటుపిమ్మట రాజమహేంద్రవరము చేరి, గోదావరి దాటి, బందరుకోటను 1759 ఏప్రిలులో గాని పట్టుకొనలేదు.