ఒకే డోసు.. రెండు రంగులు! రేడియేషన్‌ను కొలిచే ఫిల్మ్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

క్యాన్సర్ పేషెంట్లకు ఇచ్చే రేడియేషన్‌ను మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. ఎంత పెట్టాలో డాక్టర్ రాస్తారు. కానీ మెషీన్ నుంచి నిజంగా అంతే వస్తోందా? అనుకున్న చోటే పడుతోందా? ఇది చెక్ చేయడానికి ఆస్పత్రుల్లో వాడే సాధనాల్లో రేడియోక్రోమిక్ ఫిల్మ్ ఒకటి. చూడ్డానికి పల్చటి ప్లాస్టిక్ షీట్‌లా ఉంటుంది. రేడియేషన్ తగిలితే రంగు మారుతుంది. అయితే దీంతో ఓ చిక్కుంది. డోసు అంతే ఇచ్చినా.. రేడియేషన్ ఎనర్జీ మారితే వచ్చే రంగు కూడా మారొచ్చు. దీన్నే 'ఎనర్జీ డిపెండెన్స్' అంటారు. అసలు ఇలా ఎందుకు జరుగుతుంది? పేషెంట్‌కు దీనితో సంబంధం ఏంటి?

ఈ ఫిల్మ్ ఎలా పనిచేస్తుంది?

పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను డార్క్‌రూమ్‌లో కడగాల్సి వచ్చేది. దీనికి ఆ పని లేదు. షీట్ లోపల డయాసిటిలీన్ రకం రసాయనం సన్నని పొరగా ఉంటుంది. రేడియేషన్ తగలగానే అందులోని చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసుల్లా మారతాయి. అప్పుడే రంగు వస్తుంది. డోసు పెరిగేకొద్దీ ఆ రంగు చిక్కబడుతుంది. స్కానర్‌లో పెట్టి ఆ చిక్కదనాన్ని కొలిచి, దాన్నుంచి డోసు లెక్కగడతారు. రంగు కుదురుకోవడానికి టైమ్ పడుతుంది కాబట్టి చాలా చోట్ల ఒక రోజు ఆగి స్కాన్ చేస్తారు. ఎక్కడ ఎంత డోసు పడిందో షీట్ మొత్తం మీద మ్యాప్‌లా చూపించడమే దీని ప్రత్యేకత.

మరి తేడా ఎక్కడొస్తుంది?

మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. అందుకే రేడియేషన్ డోసును 'నీటిలో ఎంత' అనే లెక్కన కొలుస్తారు. అంటే ఫిల్మ్ కూడా నీటిలాగే స్పందించాలి.

కోబాల్ట్-60 మెషీన్ నుంచి వచ్చే గామా కిరణాల ఎనర్జీ 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఈ స్థాయిలో ఫిల్మ్, నీరు దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. ఎనర్జీ బాగా తగ్గితే మాత్రం సీన్ మారిపోతుంది. అప్పుడు ఏ మూలకం ఎంత పీల్చుకుంటుందనేది దాని పరమాణు సంఖ్య మీద ఆధారపడుతుంది. అది కూడా దాదాపు ఘనం లెక్కన. అంటే సంఖ్య రెట్టింపైతే పీల్చుకోవడం సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

నీటిలో ఉండేది ఆక్సిజన్. దాని సంఖ్య 8. ఫిల్మ్‌లో ఎక్కువగా ఉండేది కార్బన్. దాని సంఖ్య 6. అందుకే తక్కువ ఎనర్జీ దగ్గర ఈ ఫిల్మ్ నీటి కంటే తక్కువ పీల్చుకుని, తక్కువ రంగు చూపిస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్‌లో వెండి ఉండేది. దాని సంఖ్య 47. కాబట్టి అది రివర్స్‌లో అసలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపించేది.

1991లో వచ్చిన ఓ పరిశోధనలో అప్పటి రేడియోక్రోమిక్ ఫిల్మ్‌ను ఇలాగే పరీక్షించారు. ఎనర్జీని 28 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా తగ్గించేసరికి దాని స్పందన సుమారు 30 శాతం పడిపోయింది.

30 శాతం తప్పితే ఏమవుతుంది?

ఉదాహరణకు.. నిజంగా పడిన డోసు 2 గ్రే అనుకుందాం. ఫిల్మ్ 1.4 అనే చూపిస్తుంది. 'తక్కువ పడింది' అనుకుని డోసును 2కు సరిచేస్తే, అసలు పడేది దాదాపు 2.86 గ్రే. అంటే 43 శాతం ఎక్కువ! ట్యూమర్ పక్కనే ఉన్న మంచి కణజాలం కూడా ఆ భారం మోయాలి.

కొత్త ఫిల్మ్‌లతో సమస్య తీరిందా?

చాలావరకు తీరింది. 2004లో వచ్చిన గాఫ్‌క్రోమిక్ ఈబీటీ ఫిల్మ్‌లో క్లోరిన్ లాంటి కాస్త బరువైన మూలకాన్ని కొద్దిగా కలిపి, స్పందన నీటికి దగ్గరయ్యేలా చేశారు. తర్వాత ఈబీటీ2, ఈబీటీ3 వచ్చాయి. సాధారణ రేడియోథెరపీ ఎనర్జీల్లో వీటితో పెద్ద తేడా రాదు. కానీ ఈ నాలుగు చోట్ల జాగ్రత్త తప్పనిసరి..

* అయోడిన్-125 గింజలు: కంటి, ప్రోస్టేట్ క్యాన్సర్లలో వాడతారు. వీటి ఎనర్జీ సగటున 28 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లే.

* ఆపరేషన్ టేబుల్ మీదే ఇచ్చే రేడియేషన్: ఇందులో 50 కిలోవోల్ట్‌ల ఎక్స్‌రే వాడే మెషీన్లూ ఉన్నాయి.

* క్యాథ్‌ల్యాబ్: స్టెంట్ వేసేటప్పుడు ఎక్స్‌రే చాలాసేపు ఆన్‌లో ఉండొచ్చు. చర్మానికి 2 గ్రే దాటితే ఎర్రబడే ప్రమాదం ఉంది. ఇక్కడ బరువైన మూలకాలు కలిపిన స్పెషల్ ఫిల్మ్‌లు వాడతారు. పేషెంట్ లావును బట్టి మెషీన్ తనంతట తానే ఎనర్జీ మార్చుకుంటుంది కాబట్టి లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి.

* ప్రోటాన్ థెరపీ: ప్రోటాన్లు ఆగిపోయే చివరి కొన్ని మిల్లీమీటర్లలోనే ఎక్కువ శక్తిని వదులుతాయి. సరిగ్గా అక్కడే ఫిల్మ్ తక్కువ చూపిస్తుంది. దక్షిణాసియాలో తొలి ప్రోటాన్ కేంద్రం 2019లో చెన్నైలో మొదలైంది.

పరిష్కారం ఏంటి?

ఏ ఎనర్జీ దగ్గర వాడతారో, అదే ఎనర్జీ దగ్గర ఫిల్మ్‌ను ముందుగా క్యాలిబ్రేట్ చేయాలి. కోబాల్ట్ దగ్గర తీసిన లెక్కను 50 కిలోవోల్ట్‌ల మెషీన్‌కు అలాగే వాడకూడదు. ఫిల్మ్ బ్యాచ్ మారినా క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే. స్కానర్‌లో షీట్‌ను ప్రతిసారీ ఒకే దిశలో పెట్టాలి.

పేషెంట్లు కంగారు పడాల్సిన పని లేదు. ట్రీట్‌మెంట్ మెషీన్ల డోసును ప్రధానంగా కొలిచేది అయాన్ ఛాంబర్ అనే పరికరం. ఫిల్మ్ దానికి తోడు మాత్రమే. దేశంలో రేడియోథెరపీ కేంద్రాలు అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారమే నడవాలి. మెడికల్ ఫిజిసిస్ట్ ఉండటం కూడా తప్పనిసరి. 'మెషీన్ డోసు ఎలా చెక్ చేస్తారు?' అనే డౌట్ ఉంటే నేరుగా వారినే అడగొచ్చు.