బువ్వన్న గారి అమ్మాయి

పిల్లలూ! నాయకుడు అనగానే మీకు ఎవరు గుర్తుకు వస్తారు? వేదిక మీద ప్రసంగించే పెద్దమనిషా? మీ తరగతి మానిటరా? ఎవరికీ ఒక్క ఆజ్ఞ కూడా ఇవ్వకుండానే తరువాతివారికి దారి చూపిన ఒక ఇల్లాలిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆమె డొక్కా సీతమ్మ గారు. 1841లో గోదావరి ప్రాంతంలోని మండపేటలో పుట్టారు. మన మారిషస్ తెలుగువారి పూర్వీకులు ఎందరో ఓడ ఎక్కిన కోరింగ రేవు కూడా ఆ ప్రాంతంలోదే. సీతమ్మ గారి తండ్రి భవానీశంకరం గారు. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారు కాబట్టి ఊరివారు ఆయనను 'బువ్వన్న' అని పిలిచేవారు. బువ్వ అంటే అన్నమే. పసిపిల్లలకు తినిపించేటప్పుడు పెద్దలు అనే ముద్దుమాట అది. సీతమ్మ గారు ఆ ఇంట్లో చూసి నేర్చుకున్నారు.

పెళ్ళయ్యాక భర్త జోగన్న గారి ఊరు లంకల గన్నవరం వెళ్ళారు. లంక అంటే ఏటి నడుమ ఉండే నేల. ఆ రోజుల్లో అక్కడి ప్రయాణికులు ఏరు దాటాలంటే పడవ కోసం కాచుకోవలసిందే. అలా అలసి వచ్చినవారికి సీతమ్మ గారు అన్నం పెట్టేవారు. కులం అడిగేవారు కారు. అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కునేవారు కారు. వేళకాని వేళ ఒకరి గుమ్మం ముందు నిలబడటానికి ఎవరికైనా సిగ్గుగానే ఉంటుంది కదా! ఆకలిని అన్నం తీరుస్తుంది గాని, ఆ సిగ్గును తీర్చేది వడ్డించే వారి నవ్వుముఖమే.

ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. ఎంతో కాలంగా ఉన్న కోరిక అది. దారిలో ఒక పెళ్ళిబృందం కనబడింది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దలు, "ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి వెళితే అన్నం పెడతారు" అని ఊరడిస్తున్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. దర్శనం మానుకొని వెనక్కి తిరిగి, వారికంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారని చెప్పుకుంటారు. నాకైతే ఆమె జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే అనిపిస్తుంది.

సీతమ్మ గారు 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర కాలువ నీటిని నది మీదుగా దాటించే కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టింది.

మీ ఇంట్లో తాతయ్యనో నాయనమ్మనో అడగండి: వారి చిన్ననాటి వీధిలో ఇలా అందరికీ గుర్తున్న తలుపు ఎవరిది? వారు చెప్పినది రాసుకొని వచ్చే తరగతికి తీసుకురండి.